సమస్య: ఓడనట్టి జట్టె యోడిపోయె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

ఓడనట్టి జట్టె యోడిపోయె

పూరణ షాబి అలోన్సో ఆట మీద గానీ, కోచ్‌గా అతని పని మీద గానీ ఉండాలి. ఫుట్‌బాల్ చూడనివారి కోసం నాలుగు ముక్కలు చెప్తాను. 1981లో స్పెయిన్ బాస్క్ ప్రాంతంలోని తొలోసాలో పుట్టాడు. తండ్రి పెరికో అలోన్సో కూడా మిడ్‌ఫీల్డరే. షాబి రియల్ సొసియెదాద్, లివర్‌పూల్, రియల్ మాడ్రిడ్, బాయర్న్ మ్యూనిక్‌లకు ఆడాడు. స్పెయిన్ జట్టుతో 2010 ప్రపంచకప్పు, 2008, 2012 యూరో కప్పులు గెలిచాడు. 2017లో ఆట మానేశాడు. సొసియెదాద్ రెండో జట్టుకు కోచింగ్ చేసి, 2022 అక్టోబరులో జర్మనీ క్లబ్బు లెవర్‌కూజెన్ పగ్గాలు పట్టాడు. అప్పటికి ఆ జట్టు జర్మనీ లీగులోని 18 జట్లలో 17వ స్థానంలో ఉంది.

పేర్లను ఛందస్సు కోసం కాస్త వంచుకోవచ్చు, గుర్తుపట్టలేనంతగా మాత్రం వద్దు. పాదం మొదట అచ్చు వచ్చినా పట్టించుకోం.

గోదారిగట్టు:
ముప్పదియును నాల్గు ముగియఁగ మ్యాచులు
లీగు కప్పు గెలిచె లెవరుకూసె
నంత ఫైనలందు నటలాంట చేతిలో
ఓడనట్టి జట్టె యోడిపోయె

నిర్వాహకుడు:
గోదారిగట్టు గారూ, గణాలూ యతులూ చక్కగా కుదిరాయి. పేరు చివరి పొల్లును తర్వాతి పాదంలోకి జార్చి ‘నంత’ అనడం హాయిగా ఉంది. అయితే ఇది యూరోపా లీగ్ ఫైనల్ జరిగిన డబ్లిన్ నుంచి వచ్చిన వార్తలా సాగింది. 2023-24లో లెవర్‌కూజెన్‌కు 34 లీగు మ్యాచ్‌ల్లో 28 గెలుపులు, 6 డ్రాలు, ఒక్క ఓటమీ లేదు. అన్ని టోర్నీలూ కలిపితే వరుసగా 51 మ్యాచ్‌లు. ఇటలీ జట్టు రోమాతో 97వ నిమిషంలో గోలు కొట్టి మరీ ఆ వరుసను కాపాడుకున్నారు. 2024 మే 22న అటలాంటా ఆటగాడు లుక్‌మన్ ఒక్కడే మూడు గోల్స్ వేసి దాన్ని తెంపాడు. ఆ టెన్షన్ పద్యంలోకి రాలేదు. షాబి పేరు కూడా రాలేదు!

మెతుకుసీమ:
అందరూ లెవర్‌కూజెన్ మీదే రాస్తారని నేను 2005 ఇస్తాంబుల్‌కు వెళ్లాను, లివర్‌పూల్, ఇటలీ జట్టు మిలాన్ ఆడిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు.

మూడు గోలు లేసి మురియు మిలానును
ఆరు నిముసములనె యందుకొనఁగ
ఆపఁబడిన బంతి నా షాబి మరి తన్న
ఓడనట్టి జట్టె యోడిపోయె

తుంగభద్ర:
మిలాన్ ‘ఓడనట్టి జట్టు’ ఎలా అయింది? ఆ ఏడాది ఇటలీ లీగులో ఓడిన మ్యాచ్‌లు ఉన్నాయి కదా.

మెతుకుసీమ:
ఓడడానికి వీల్లేని స్థితిలో ఉన్న జట్టు అని నా ఉద్దేశం. మొదటి నిమిషంలోనే మాల్దీని గోలు, విరామంలోపు క్రెస్పో రెండు. హాఫ్‌టైమ్‌లో ఎవరినడిగినా మిలాన్‌దే కప్పు అనేవారు.

నిర్వాహకుడు:
ఆ అర్థం చెల్లుతుంది. నాకు నచ్చింది కూడా, ఎందుకంటే ఇక్కడ సమస్యలోని మెలిక నిజంగా విడింది. ‘ఓడనట్టి’ అన్నది లెక్కల పుస్తకంలోంచి బయటికొచ్చి చూసేవాళ్ల నమ్మకం అయింది.

మూడో పాదం మాత్రం ఒప్పుకోను. ‘ఆపఁబడిన’ ఏమిటండీ, ఆపినవాడికి పేరుంది! మిలాన్ గోల్‌కీపర్ దీదా. షాబి కుడికాలి పెనాల్టీని అతను ఆపితే, తిరిగొచ్చిన బంతిని షాబి ఎడమకాలితో వలలోకి కొట్టాడు. ఇలా మార్చి చూడండి:

దీద యాపు బంతి తిరిగి షాబియె తన్న

ది-తి యతి సరిపోయింది, ఇద్దరూ ఒకే పాదంలో ఎదురెదురుగా నిలిచారు. ఇంకో చిన్న మాట. ఆ తన్నుతో స్కోరు 3-3 అయిందంతే. మిలాన్ ఓడింది తర్వాతి షూటౌట్‌లో, లివర్‌పూల్ గోల్‌కీపర్ డ్యూడెక్ చేతుల మీదుగా. అందులో షాబి తన్ననే లేదు. నాలుగు పాదాల్లో అంతా పట్టదు కాబట్టి వదిలేస్తున్నాను.

మెతుకుసీమ:
దీద పాదం తీసుకున్నాను గురువుగారూ. ధన్యవాదాలు.

పెన్నాతీరం:
2014 లిస్బన్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. రామోస్, బేల్ రియల్ మాడ్రిడ్‌లో షాబి తోటి ఆటగాళ్లు. సెమీస్‌లో తగిలిన పసుపు కార్డుతో షాబికి ఆడే వీల్లేదు.

కోటు వేసి షాబి మెట్లపై కూర్చుండె
తొంబదియును మూఁట దూకె రామొ
సంత బేలు గోలు కతఁడు గంతులు వేసె
ఓడనట్టి జట్టె యోడిపోయె

నిర్వాహకుడు:
మొదటి పాదంలో కో-మె యతి కుదరదమ్మా. పదాలు అటూ ఇటూ చేస్తే చాలు: ‘కోటు వేసి షాబి కూర్చుండె మెట్లపై’. గణాలు చెక్కుచెదరవు. 93వ నిమిషం దాకా ఆధిక్యంలో ఉన్న అట్లెటికో మాడ్రిడ్ 4-1తో ఓడడం సమస్యకు బాగా అతికింది, కానీ ఆ జట్టు పేరు పద్యంలో ఎక్కడా లేదు. చదివేవాడికి ఓడిందెవరో తెలియాలి కదా. కోటుతో గంతులేసే షాబి మాత్రం కళ్లకు కట్టాడు. ఆ గంతులకు తర్వాత ఒక మ్యాచ్ నిషేధం కూడా పడింది.

డల్లాస్ బావ:
పదియు నొక్క యేళ్లు బాయర్నె గెలిచెను
చివర నున్న జట్టు చేతఁ బట్టి
షాబి రాఁగఁ జూడ జాతకమే మారె
ఓడనట్టి జట్టె యోడిపోయె

నిర్వాహకుడు:
భేష్! ఓడనట్టి జట్టును బాయర్న్ చేయడం ఈ వారం ఎవరికీ తట్టలేదు. 2013 నుంచి 2023 దాకా వరుసగా పదకొండు జర్మనీ లీగు టైటిళ్లు వాళ్లవే. 2024 ఫిబ్రవరిలో లెవర్‌కూజెన్ వాళ్లను 3-0తో ఓడించింది, ఏప్రిల్‌లో టైటిలూ తీసుకుంది. 17వ స్థానాన్ని ‘చివర’ అనడం కవికి చెల్లుతుంది.

‘జాతకమే మారె’ మాత్రం ఏ పద్యంలోనైనా ఇమిడిపోయే మాట. పైగా ఆ పదకొండులో మూడు టైటిళ్లు షాబి బాయర్న్‌కు ఆడుతూ గెలిచినవే. అది పద్యంలోకి రావద్దూ?

డల్లాస్ బావ:
మూడో పాదం మార్చాను.

పదియు నొక్క యేళ్లు బాయర్నె గెలిచెను
చివర నున్న జట్టు చేతఁ బట్టి
నాడు వారికాడినట్టి షాబియె రాఁగ
ఓడనట్టి జట్టె యోడిపోయె

తుంగభద్ర:
ఇంటివాడే ఎదురొచ్చాడు. బావగారూ, ఈ వారం మీదే.

నిర్వాహకుడు:
నాదీ అదే మాట. వచ్చేవారం సమస్య, ఇదీ ఆటవెలదే:

కాలు కదపకుండ కప్పు గెలిచె

గోదారిగట్టు:
కోచ్ అనే కదా?

నిర్వాహకుడు:
అలా ముందే చెప్పేస్తే మిగతావాళ్లేం రాస్తారండీ! కోచ్ అన్న మాట లేకుండా పూరించండి, అందరికీ అదే నిబంధన.