కంపెనీ తరఫున లేబర్ కేసులు వాదించడం తప్పా?

రెండో షిఫ్ట్:
మా నాన్నను ఉద్యోగంలోంచి తీసేస్తే లేబర్ కోర్టులో కేసు తొమ్మిదేళ్లు నడిచింది. అప్పటి 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 36(4) ప్రకారం అవతలి పక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే లాయర్ రావాలి. ఆ సంగతి తెలియక మేం అభ్యంతరం చెప్పలేదు. కంపెనీ లాయర్ గారు సాక్షి ఊళ్లో లేడని ఒకసారి, ఫైలు రాలేదని ఒకసారి వాయిదా అడిగేవారు. నాన్న ప్రతిసారీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్యూటీకి వెళ్లినట్టే టిఫిన్ డబ్బా కట్టించుకుని వెళ్లేవాడు. ఆ డబ్బా కోర్టు వరండాలో తిని ఇంటికొచ్చేవాడు. నా దృష్టిలో ఇది చేయకూడని పని. మీరేమంటారు?

నల్లకోటు:
పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్నది ఆ పనే. మీ నాన్నగారికి జరిగింది తప్పు. అలాంటి వాయిదాలు నేనూ అడిగాను. అయినా ఈ పని వదలను, ఎందుకో చెబుతాను.

ఒక సాయంత్రం ఒక ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ మేనేజర్ డిస్మిసల్ ఆర్డర్ టైపు చేయించుకుని వచ్చారు. తేదీ కూడా వేసి ఉంది, సంతకమే తక్కువ. ఎంక్వైరీ ఫైలు తిప్పితే ఫిర్యాదు చేసిన సూపర్‌వైజరే విచారణాధికారి! కార్మికుణ్ణి సాక్షుల్ని ఒక్క ప్రశ్న కూడా అడగనివ్వలేదు. ఇది నిలవదు, బయటివాళ్లతో మొదట్నుంచి విచారణ జరిపించండి అన్నాను. రెండు గంటలు వాదించుకున్నాక ఒప్పుకున్నారు. ఆరోపణ రుజువు కాలేదు, అతను డ్యూటీ ఎక్కాడు. నేనెవరో అతనికి తెలియదు.

రిట్రెంచ్‌మెంట్, అంటే తప్పేమీ లేకపోయినా మనుషుల్ని తగ్గించుకోవడం, అయినా అంతే. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాణ్ణి తీసేయాలంటే పాత చట్టం 25ఎఫ్ కింద నెల నోటీసో, దాని బదులు జీతమో ఇవ్వాలి. దాంతోపాటు సర్వీసులో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున కట్టాలి. తర్వాత చూద్దాంలే అనే ఓనర్‌తో ఆ చెక్కు రాయించేది మాలాంటివాళ్లే.

తూనీగ:
యూనియన్‌లో ఉన్నవాణ్ణి. లాయర్‌ని గుమ్మం దగ్గర ఆపడం జరిగే పని కాదు. పారదీప్ పోర్ట్ ట్రస్ట్ కేసులో 1976లోనే సుప్రీంకోర్టు తేల్చింది: కంపెనీలో అధికారిగానో, యాజమాన్య సంఘంలో పదవితోనో వచ్చే లాయర్‌ని 36(4) ఆపలేదు. కాబట్టి పోరాడాల్సింది వాయిదాల మీద. అడిగినవాళ్లు అవతలి మనిషికి ఆ రోజు కూలి, బస్సు చార్జీ అక్కడికక్కడే ఇవ్వాలి.

రెండో షిఫ్ట్:
నల్లకోటు గారూ, మీ మాట వినకుండా ఆ ఆర్డర్ మీద సంతకం పెట్టేసి ఉంటే? అదే ఫైలు పట్టుకుని కోర్టుకి వెళ్లేవారా?

నల్లకోటు:
అలా రెండుసార్లు వెళ్లానండి. మొదటి కేసులో ఉద్యోగంలోకి తీసుకోమని కోర్టు చెప్పింది. ఓనర్ హైకోర్టు అన్నారు. వెళ్తే అదే పాత చట్టం 17బి కింద కేసు తేలేదాకా ఆఖరి జీతం నెలనెలా కట్టాల్సి వస్తుందని చెప్పి సెటిల్ చేయించాను. రెండోదాంట్లో వాయిదాలకు తిరగలేక కార్మికుడే రావడం మానేశాడు, కేసు కొట్టేశారు. గెలిచామని క్లయింట్‌కి ఫోన్ చెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఆ తర్వాత నుంచి, ఊరికే వాయిదా అడగమంటే కేసు వదిలేస్తానని వకాలత్ తీసుకునే రోజే కాగితం మీద రాసిస్తున్నాను. దాంతో ఇద్దరు క్లయింట్లు వెళ్లిపోయారు.