ఇల్లు ఇరకటమా, ఇరుకటమా?

అరసున్న: మా నాయనమ్మ "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అనేది. నిన్న మహారాష్ట్రలోని కిల్లారి భూకంపం (1993) తర్వాత కట్టిచ్చిన ఇళ్ల గురించి చదువుతుంటే గుర్తొచ్చింది. భూమి లేనివాళ్లకు, చిన్న రైతులకు 250 చదరపు అడుగులు. పైవాళ్లకు పొలాన్ని బట్టి 400, 750. మా చెల్లి మాత్రం "ఇరుకటం" అని పట్టు. ఏది సరి?

బండి ఱ: ఇరకటమే. అసలు 'ఇఱుకు' బండి ఱ తోనే రాయాలి. అప్పుడు మర్కటంతో ప్రాస చెడుతుందనుకోండి.

తెలుగు మాస్టారు: అది అంత్యప్రాస నాయనా. ఱ గొడవ ఎందుకిక్కడ?

బీదరు కోడలు: సామెతే అతకదండీ. వాళ్ల బాధ ఇరుకు కాదు. 52 ఊళ్లను మొత్తంగా వేరే చోటికి మార్చి, వెడల్పు రోడ్లు వేసి, గళ్లనోటుబుక్కులా వరసలు తీర్చారు. పొలానికి నడక పెరిగింది. పాత ఇళ్లు మన మట్టి మిద్దెల్లాంటివే. బండరాళ్లను మట్టితో పేర్చిన మందపాటి గోడలు, పైన గుట్టలా మన్ను. వినాయకుణ్ని నిమజ్జనం చేసొచ్చి పడుకున్నారు, తెల్లారకముందే ఆ మన్నంతా మీద పడింది. తర్వాత రాతి ఇల్లు నిలబడ్డా లోపల పడుకోలేక పక్కన రేకుల షెడ్డు వేసుకున్నవాళ్లున్నారు.

బండి ఱ: మరాఠీలో దాన్ని పునర్వసన్ అంటారు, హిందీలో పునర్వాస్. మన 'పునరావాసం'లో ఆ 'రా' ఎక్కణ్నుంచి దూరింది?

తెలుగు మాస్టారు: పునః + ఆవాసం. ఇదీ చెప్పాలా?

బండి ఱ: నా లెక్కలో గోడలిస్తే ఆవాసం, బతుకు కుదిరితే వాసం.

తెలుగు మాస్టారు: నిఘంటువులో అంత తేడా లేదు. కల్పించకండి. ఇళ్ల మాటొచ్చింది కాబట్టి, పోతన "నగరిలో నామూల సౌధంబు" అన్నాడే, అది 'ఆ మూల' సౌధమా, 'ఆమూల' సౌధమా?

బండి ఱ: ఆమూలమే. మొదలంటా గట్టి పునాది ఉన్న మేడ. భూకంపానికి కూడా కదలదు!

బీదరు కోడలు: 'ఆ మూల'నే. వైకుంఠంలోనూ కార్నర్ ప్లాటుకే గిరాకీ.

అరసున్న: ఇంతకీ మా చెల్లికి ఏం చెప్పను?

తెలుగు మాస్టారు: ఉండమ్మా. ఆ పద్యంలోనే 'దాపల' ఉంది. దగ్గర అనా, దాపటి ఎద్దులాగా ఎడమవైపు అనా? ముందు అది తేలనివ్వండి.