మెల్ బ్లాంక్‌కు అన్ని పాత్రలు ఎలా పలికాయి?

మిమిక్రీ కళాకారుడు:
వేదికల మీద మిమిక్రీ చేసే నేను ఈమధ్యే కార్టూన్ పాత్రలకు గొంతు ఇస్తున్నాను. అనుకరణ బాగానే కుదురుతున్నా, గొంతు వినిపిస్తోందే తప్ప పాత్ర కనిపించడం లేదని దర్శకుడు అంటున్నారు. బగ్స్ బన్నీ, డాఫీ డక్, ట్వీటీ వంటి పాత్రలన్నిటికీ ఒక్కడే ప్రాణం పోసిన అమెరికన్ హాస్యనటుడు మెల్ బ్లాంక్ (1908–1989) పని నుంచి ఏం నేర్చుకోవచ్చో అనుభవజ్ఞులు చెప్పగలరా?

డబ్బింగ్ కళాకారిణి:
ముందుగా డాఫీ డక్‌నూ సిల్వెస్టర్ పిల్లినీ పక్కపక్కన పెట్టి వినండి. రెండింటి గొంతూ, తుంపర్లు పడేలా పలికే ఆ నత్తీ దాదాపు ఒకటే. డాఫీ మాటలను రికార్డింగులో కాస్త వేగం పెంచి వినిపించేవారు. అయినా ఎవరూ ఒకదాన్ని మరొకటిగా పొరబడరు, ఎందుకంటే డాఫీది దురాశతో కూడిన ఉక్రోషం, సిల్వెస్టర్‌ది ఓడిపోతూ కూడా వదలని బింకం. స్వభావం పట్టుబడితే గొంతు దానంతట అదే వస్తుందని నా అనుభవం. పైగా అక్కడ ముందు సంభాషణ రికార్డు చేసి, దానికి తగ్గట్టు బొమ్మలు గీసేవారు; మనం డబ్బింగులో అప్పటికే కదిలిన పెదవుల వెంట పరుగెత్తాలి. ఆ స్వేచ్ఛ మనకు లేదు.

రేడియో నాటక రచయిత:
ఆయన హాస్యం రేడియోలో పదును తేలిందని మరువకూడదు. హాస్యనటుడు జాక్ బెన్నీ రేడియో కార్యక్రమంలో మొరాయించే పాత మాక్స్‌వెల్ కారు దగ్గు, తుమ్ము, మూలుగు అన్నీ ఆయన నోటి నుంచి వచ్చినవే. అదే కార్యక్రమంలో ఒక మెక్సికన్ పాత్రగా ఎన్ని ప్రశ్నలు అడిగినా ముక్తసరిగా ‘సీ’ (స్పానిష్‌లో ‘అవును’) అనే ఒక్క జవాబుతో జనాన్ని నవ్వించేవారు. అక్కడ పనిచేసింది గొంతు మార్పిడి కాదు, జవాబుకు ముందు ఆయన పట్టే విరామం. మిమిక్రీలో చప్పట్ల కోసం ఆగుతాం. ఇక్కడ ఎదుటి పాత్ర కోసం ఆగాలి.

డబ్బింగ్ కళాకారిణి:
గొంతు సంగతి కూడా చెప్పాలి. కేకలు వేసే యోసెమిటీ శామ్ పాత్ర తన గొంతును అన్నిటికన్నా ఎక్కువగా బాధించేదని బ్లాంక్ స్వయంగా చెప్పారు. అరుపుల సన్నివేశాలను రోజు చివరికి పెట్టమని నేను ముందుగానే అడుగుతాను; పొద్దున్నే అరిచేస్తే తర్వాతి మెత్తటి సంభాషణలన్నీ జీరపోతాయి.

మిమిక్రీ కళాకారుడు:
విరామం గురించిన మాట సరిగ్గా తగిలింది. కానీ నేను మైకు ముందు ఒంటరిగా చెబుతాను. ఎదుటి పాత్ర నాకు వినిపించదు కదా?

రేడియో నాటక రచయిత:
వినిపించమని అడగండి. 1961లో ఘోరమైన కారు ప్రమాదం తర్వాత బ్లాంక్ కట్టుతో మంచం మీద ఉండగానే, ‘ఫ్లింట్‌స్టోన్స్’ కార్టూన్ ధారావాహిక సహనటులు ఆయన ఇంటికి వచ్చి, మంచం చుట్టూ చేరి రికార్డింగులో పాల్గొన్నారు. మీకు అంత అవసరం లేదు. ఎదుటి పాత్ర వాక్యాలను సహాయకుడి చేత హెడ్‌ఫోన్లో చదివిస్తే చాలు, రెండో టేకుకే తేడా తెలుస్తుంది.