సీపాప్ మాస్క్: గాలి కళ్లలోకి కొడుతోంది

ప్రశ్న: నాన్నగారు సీపాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్ ద్వారా గాలి పంపే మిషన్) వాడుతున్నారు. ఆయనది ముక్కూ నోరూ కప్పే మాస్క్, మిషన్ ప్రెషర్ 12. పట్టీలు ఎంత బిగించినా ముక్కు దూలం దగ్గర లీకవుతోంది. సైజు మార్చాలా?

జవాబు 1: అప్పుడే మార్చకండి. ముందు పట్టీలు వదులు చేయండి. కుషన్ లోపలి సిలికాన్ పొర గాలికి ఉబ్బితేనే ముఖానికి అతుక్కుంటుంది. అతిగా బిగిస్తే మడతపడి సందు వస్తుంది. ఆయన పడుకున్నాక, మిషన్ 12కి చేరాకే సర్దండి. ర్యాంప్‌లో (ప్రెషర్ తక్కువతో మొదలై మెల్లగా పెరిగే సమయం) ఉండగా సర్దితే అప్పటికి బాగానే ఉంటుంది, అర్ధరాత్రి లీకు మొదలవుతుంది. మాస్క్‌ను కాస్త ముందుకు లాగి వదిలితే కుషన్ కుదురుకుంటుంది. తర్వాత పట్టీలు రెండు వైపులా సమానంగా, కొంచెం కొంచెంగా బిగించండి.

జవాబు 2: జిడ్డు సంగతి కూడా చూడండి. ముఖానికి కొబ్బరి నూనె, క్రీము ఉంటే కుషన్ జారుతుంది. రోజూ గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. వాజిలిన్ వద్దు. కుషన్ అంచు చిరిగినా, గట్టిపడినా ఏ సర్దుబాటూ పనిచేయదు, మార్చాల్సిందే. గడ్డం ఉందా?

ప్రశ్న అడిగినవారు: గడ్డం లేదండీ. పక్కకి తిరిగితే లీకు ఎక్కువవుతోంది. మాస్క్ ముందున్న చిన్న రంధ్రాల్లోంచీ గాలి వస్తోంది, టేపు వేయొచ్చా?

జవాబు 3: అస్సలు వేయకండి! వదిలిన ఊపిరి బయటికి పోయే దారి అదే. రెస్‌మెడ్ కంపెనీ మిషన్లు ఆ గాలిని లీకు లెక్కలో కలపవు. నిమిషానికి 24 లీటర్లు దాటితేనే ఎక్కువ లీకు. పక్కకి తిరిగినప్పుడు గొట్టం మాస్క్‌ను లాగుతుంది. దాన్ని తల వెనక నుంచి, మంచం తలాపు మీదుగా వదులుగా తీసుకురండి.