పూత, లేపనం, పొదగడం: ఏది ఎక్కడ?

ప్రశ్న: "లిపిడ్ లేపనం చేసిన ప్రోటీన్ కణాలు" అని ఒకచోట చదివాను. ఆ ప్రోటీనే మందు, అది నెమ్మదిగా విడుదల కావడానికి లిపిడ్ (కొవ్వు పదార్థం) వాడతారట. ఆ మాటలు సరైనవేనా?

జవాబు: లేపనం వద్దండీ, ఒంటికి రాసే మందు గుర్తొస్తుంది. కళాయి పూత, బంగారు పూత ఉన్నాయిగా, ఇక్కడా పూతే. "కణం" కూడా మార్చండి. జీవశాస్త్రంలో కణమంటే సెల్, చదివేవారు జీవకణాలే అనుకుంటారు. రేణువులు అంటే సరిపోతుంది.

ఇంకొకరు: పూత అనేముందు తయారీ ఎలాగో చూడాలి. కరిగిన లిపిడ్‌లో ప్రోటీన్ పొడి కలిపి చల్లార్చితే, ప్రోటీన్ అంతటా చెదిరి ఉంటుంది, కొంత పైముఖానే మిగిలిపోతుంది. నీరు తగలగానే ఆ పైది కరిగి, మొదటి గంటల్లోనే మందు ఒక్కసారిగా బయటపడుతుంది. దీన్ని పూత అనడం తప్పు. నగలో రాళ్లు పొదిగినట్టు, లిపిడ్‌లో పొదిగిన ప్రోటీన్ అనాలి.

గాలిలో తేలే రేణువుల మీద కరిగిన లిపిడ్‌ను చిమ్మితే అది అసలైన పూత. ట్రైస్టియరిన్ అనే లిపిడ్ స్థిరమైన రూపం సుమారు 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కాబట్టి 80 దాటించి చిమ్మాలి. నాజిల్‌నూ (చిమ్మే గొట్టం మొన), అందులోకి వచ్చే గాలినీ కూడా వేడిగా ఉంచకపోతే లిపిడ్ అక్కడే గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. రేణువులు తేలే చోటు మరీ వేడైతే ఉండలు కడతాయి. మరీ చల్లనైతే బొట్టు పరుచుకోకముందే గట్టిపడి, పూతలో సందులు మిగులుతాయి.

ప్రశ్న: పొడి ఎంత సన్నగా ఉంటే అంత మంచిదా?

జవాబు: కాదండీ. 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసమున్న రేణువుకు 5 మైక్రాన్ల పూత కావాలంటే, రేణువు ఘనపరిమాణంలో మూడో వంతు లిపిడ్ చాలు. 20 మైక్రాన్ల రేణువుకు అదే మందం వేయాలంటే రేణువుకు రెండింతలు దాటి లిపిడ్ పడుతుంది. పైగా సన్నపొడి తొందరగా ఉండకడుతుంది.

పూత సందులు లేకుండా కుదిరినా చిక్కే. ప్రోటీన్ అణువు పెద్దది, లిపిడ్ గుండా దూరి రాలేదు, రంధ్రాల్లోంచే రావాలి. అందుకే నీటిలో కరిగే పాలీఇథిలీన్ గ్లైకాల్ కొంత కలిపి, కావలసినన్ని రంధ్రాలు పడేలా చూస్తారు.

ఇంకొకరు: ఒక్క మాట. త్వరగా చల్లారిన ట్రైస్టియరిన్ ఆల్ఫా అనే అస్థిర స్ఫటికరూపంలో గట్టిపడి, నిల్వలో బీటా అనే స్థిరమైన రూపానికి మారుతుంది. అప్పుడు పైముఖం మీద రేకుల్లాంటి స్ఫటికాలు లేస్తాయి, పగుళ్లు పడొచ్చు, విడుదల వేగం మారుతుంది. దీనికి ఇంగ్లిష్‌లో బ్లూమింగ్ అని పేరు. మామిడి పూతను తలుచుకుని దీన్నీ "పూత" అని తెనిగిస్తే ఒకే వాక్యంలో రెండు పూతలొచ్చి గందరగోళమవుతుంది. పొలుసు కట్టడం అంటే కంటికి కనిపించేదే చెప్పినట్టవుతుంది.