డెంగీ టీకా ట్రయల్‌కి పేరిద్దామనుకుంటున్నా, అమ్మ ఒప్పుకోవట్లేదు

కూకట్‌పల్లి26:
ఇక్కడ ఎవరైనా వ్యాక్సిన్ ట్రయల్‌లో ఉన్నారా? పోయిన ఏడాది మా చెల్లికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు 18 వేలకి పడిపోయినయ్, ఆ నాలుగు రాత్రులు ఐసీయూ బయట కూర్చున్నది ఇప్పటికీ మర్చిపోలేను, అందుకే ట్రయల్‌కి వాలంటీర్లు కావాలంటే వెళ్దామనుకుంటున్నా. అమ్మేమో "నువ్వేమన్నా ఎలుకవారా" అని ఏడుస్తుంది. నాకు ఏ జబ్బూ లేదు. ఏం చెయ్యమంటారు?

ఫేజ్3_అన్న:
నేను 2020 డిసెంబర్‌లో కోవాగ్జిన్ ఫేజ్ 3లో, అంటే వేలమంది మీద చేసే పెద్ద ట్రయల్‌లో వేయించుకున్నా తమ్ముడూ. మొత్తం 25,800 మందిమి, సగం మందికి టీకా సగం మందికి ప్లాసిబో, అంటే టీకా లేని ఉత్తుత్తి సూది, ఏది పడిందో మనకీ తెలీదు వేసినవాళ్లకీ తెలీదు. సూది వేశాక అరగంట కూర్చోబెట్టారు, 28 రోజులకి రెండోది. డైరీతో పాటు చిన్న స్కేలు ఇచ్చారు, సూది గుచ్చిన చోట ఎరుపు ఎంత వెడల్పుందో రోజూ రాత్రి కొలిచి రాయాలి. టీకాకి పర్మిషన్ వచ్చాక చెప్పారు నాకు పడింది ప్లాసిబో అని, అప్పుడు అసలు డోసులు వేశారు. అది వేస్ట్ అనుకోకు, మాలాంటోళ్లు లేకపోతే 77.8 శాతం పనిచేస్తుందన్న లెక్కే లేదు.

భద్రాద్రి_అక్క:
మీ అమ్మగారి భయం ఊరికే వచ్చింది కాదు బాబూ. 2009లో మా ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) స్టడీ అని వేశారు, హాస్టల్ పిల్లలకి చాలాచోట్ల సంతకాలు పెట్టింది అమ్మానాన్నలు కాదు, వార్డెన్లు. కొందరు పిల్లలు చనిపోయారు, టీకా వల్ల కాదని ఎంక్వైరీలో తేల్చారు, 2010 ఏప్రిల్‌లో స్టడీ ఆపేశారు. కారణం ఏదైనా కన్నవాళ్లని అడక్కుండా వెయ్యడం తప్పే. కాబట్టి కన్సెంట్ ఫారం, అదే నువ్వు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టే కాగితం, తెలుగులో అడుగు, ఒక కాపీ ఇంటికి తెచ్చుకో, ట్రయల్ వల్ల ఏమైనా అయితే వైద్యం, నష్టపరిహారం ఎవరిస్తారో అందులో చూడు, క్లినికల్ ట్రయల్స్ మీద ప్రభుత్వం తెచ్చిన 2019 రూల్స్ ప్రకారం అవి నీ హక్కు. మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు.

ఫేజ్3_అన్న:
అక్క చెప్పింది నిజం. డెంగీ కాబట్టి ఇంకోటి కూడా అడుగు, ముందు డెంగీ వచ్చినోళ్లకి, అసలు రానోళ్లకి ఒకేలా పనిచేస్తుందా అని. ఫిలిప్పీన్స్‌లో పిల్లలకి వేసిన డెంగ్వాక్సియా అనే డెంగీ టీకా గురించి 2017లో కంపెనీయే చెప్పింది, ముందెప్పుడూ డెంగీ రానోళ్లకి టీకా తర్వాత వస్తే ముదిరే ప్రమాదం ఎక్కువని. డాక్టర్ విసుక్కుంటే సంతకం పెట్టకుండా లేచి వచ్చెయ్.

కూకట్‌పల్లి26:
థ్యాంక్స్ అన్నా, అక్కా. ఖమ్మం సంగతి అమ్మకి చదివి వినిపించా, చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నేనూ వస్తా, నేనే అడుగుతా" అంది. శనివారం వెళ్తున్నాం. అడగాల్సినవి క్యాలెండర్ వెనకాల రాసుకుంటుంది, ఇప్పటికి తొమ్మిది అయినయ్.