వేర్వేరు దేశాల్లో ఆఫీసులు: నిర్ణయాలన్నీ హెడ్డాఫీసువేనా?

ప్రశ్న అడిగినవారు: మా కంపెనీకి మూడు ఖండాల్లో ఆఫీసులున్నాయి. ఇకపై అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడాలని, ఏ అనుమతైనా హెడ్డాఫీసు నుంచే రావాలని యాజమాన్యం అంటోంది. మీరేమంటారు?

డిజైన్ ఇంజనీరు: ముమ్మాటికీ సరైనదే. ఎయిర్‌బస్ ఏ380 సంగతి చూడండి. ఒక్కో విమానంలో 500 కిలోమీటర్లకు పైగా వైరింగ్. జర్మనీ వాళ్లు కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్ వాడితే, ఫ్రాన్స్ వాళ్లు ఐదోది వాడారు. జర్మనీలోని హాంబర్గ్ నుంచి వచ్చిన వైర్లు ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో బిగించబోతే కుదరలేదు. ఏడాదికి పైగా ఆలస్యమై, మొదటి విమానం 2007 అక్టోబరులో గానీ సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి అందలేదు.

సరఫరా విభాగంలో చేసినామె: సాఫ్ట్‌వేర్ విషయంలో నాకు పేచీ లేదండీ. అనుమతుల దగ్గరే నా బాధంతా. నేను సింగపూర్‌లో చేసేదాన్ని, హెడ్డాఫీసు కాలిఫోర్నియాలో. చలికాలంలో 16 గంటల తేడా. మంగళవారం ఉదయం 11కి సరుకు ఆగిపోయిందని రాస్తే అక్కడ సోమవారం రాత్రి 7, అప్పటికే అందరూ ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. జవాబు మేం చూసేది బుధవారం పొద్దున. వాళ్లు ఒక్క ఎదురు ప్రశ్న వేశారా, ఇక గురువారమే. అన్ని రోజులూ కస్టమర్‌కి సర్దిచెప్పేది మేమే. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

డిజైన్ ఇంజనీరు: మీ ఇబ్బంది నిజమే. కానీ బోయింగ్ 787లో డిజైన్ బాధ్యత కూడా చాలావరకు సప్లయర్లకే వదిలారు. 2007లో ఎగరాల్సిన విమానం 2009 డిసెంబరులో ఎగిరింది. ఈలోగా సౌత్ కరోలినాలోని ఒక సప్లయర్ ఫ్యాక్టరీని బోయింగే కొనుక్కోవాల్సి వచ్చింది.

సరఫరా విభాగంలో చేసినామె: డిజైన్ వేరు, ఆగిన సరుకును వేరే ఓడలో పంపడం వేరు. ఇందులో తప్పు జరిగినా ఆ ఒక్క ఆర్డరుతో పోతుంది. డ్రాయింగులు, పార్టు నంబర్లు, కొలతలు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతాయి కాబట్టి అవి హెడ్డాఫీసు చెప్పినట్టే ఉండాలి. సమస్య వచ్చిన వేళకి మెలకువగా ఉన్నవాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయాలను మాత్రం వాళ్లకే వదలాలి.

ప్రశ్న అడిగినవారు: ఖర్చుకు ఒక పరిమితి పెట్టి, అంతవరకు స్థానిక మేనేజరుకే వదిలితే?

డిజైన్ ఇంజనీరు: దానికి ఒప్పుకుంటాను. అయితే ఏం చేశారో, ఎందుకు చేశారో ఆ రోజే అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. ఫోన్లో చెప్పేశాం అంటే కుదరదు.

సరఫరా విభాగంలో చేసినామె: రాస్తాం. చదివాక, జరిగిపోయిన నిర్ణయాన్ని మళ్లీ తిరగదోడకుండా ఉంటారా మరి?